పాషాణాన్ని పసిగట్టే ప్రోటీను

హైదరాబాద్‌లో హబ్సిగూడ దగ్గర ఉప్పల్ రోడ్డు మీద కణ జీవశాస్త్ర పరిశోధనకు పేరుపడిన సీసీఎంబీ కనిపిస్తుంది. అక్కడ ఎస్. శివాజీ బృందం 2004, 2005 సంవత్సరాల్లో, ఆర్సెనిక్‌ను తట్టుకుని బతికే రెండు కొత్త బ్యాక్టీరియాలను గుర్తించి, పశ్చిమ బెంగాల్‌లోని చాక్‌దహా ప్రాంతపు నీటిపొరలోని ఇసుకలో దొరికినదానికి బాసిలస్ ఇండికస్ అని, సిడరైట్ అనే ఇనుప ఖనిజపు గడ్డలో దొరికినదానికి బాసిలస్ ఆర్సెనికస్ అని పేర్లు పెట్టింది. బెంగాల్ బావినీటిలోని విషం మనుషుల చర్మం మీద మచ్చలుగా బయటపడుతోందని కలకత్తా వైద్యుడు క్షితీశ్ చంద్ర సాహా 1983లో గుర్తించాక అక్కడి నేలను శోధించినవారు ఎందరో ఉన్నారు. హైదరాబాద్ శాస్త్రజ్ఞులు ఆ నేలలో రోగకారణాన్ని కాక, విషాన్ని సహించే జీవాన్ని వెదికారు. ఆ సహనం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు సమాధానం మాత్రం అప్పటికి దాదాపు నాలుగు దశాబ్దాలుగా ముక్కలు ముక్కలుగా, వేరే ఊళ్లలో రూపుదిద్దుకుంటూ వచ్చింది.

ఆర్సెనిక్ తెలుగువారికి కొత్త పదార్థం కాదు. పసుపుపచ్చని హరిదళం, ఎర్రని మణిశిల, తెల్లపాషాణం అన్నీ దాని రూపాలే, వీటిని చిత్రకారులూ రసవైద్యులూ తరతరాలుగా వాడారు. 1910లో పాల్ ఎర్లిక్ పరిశోధనశాల నుంచి సాల్వర్సాన్ వచ్చి సిఫిలిస్‌కు మందు కావడంతో ఆర్సెనిక్ ఆధునిక వైద్యంలోనూ గౌరవస్థానం పొందింది. 1943లో వైన్‌గార్టెన్ భారతదేశంలో వర్ణించిన ట్రాపికల్ ఈసినోఫీలియా అనే, ఆయాసంతో కూడిన దగ్గుజబ్బుకూ ఆర్సెనిక్ సూదిమందే చికిత్స అయింది. ఆ చికిత్సను పక్కకు నెట్టిన హెట్రజాన్, 1947లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన వెలువడిన మందు కావడం తెలుగువారు ఇంకా ఎక్కువగా చెప్పుకోవలసిన సంగతి.

మందుగా ఆర్సెనిక్ వెనకబడిన కాలంలోనే, బ్యాక్టీరియాలు దాన్ని ఎలా ఎదుర్కొంటాయన్న పరిశీలన మొదలైంది. 1968లో నోవిక్, రాత్ అనే శాస్త్రజ్ఞులు స్టాఫిలోకోకస్ బ్యాక్టీరియాలో పెనిసిలిన్‌ను నిర్వీర్యం చేసే ప్లాస్మిడే, అంటే క్రోమోజోముకు వెలుపల ఉండే చిన్న డీఎన్ఏ వలయమే, ఆర్సెనిక్ లవణాల నుంచీ రక్షణ ఇస్తుందని చూపారు. 1973లో ఈ.కోలై అనే బ్యాక్టీరియాకు చెందిన ఆర్773 అనే ప్లాస్మిడ్‌లోనూ అదే గుణం కనిపించింది. బారీ రోజెన్, సైమన్ సిల్వర్ బృందాలు 1986లో దాని ఆపరాన్‌ను, అంటే ఒకే నియంత్రణకు లోబడి వరుసగా పనిచేసే జన్యువుల గుంపును, అక్షరం అక్షరంగా చదివాయి. అందులో ఒక ప్రోటీను ఆర్సెనిక్ లవణరూపాల్లో ఒకటైన ఆర్సెనేట్‌ను మరో రూపమైన ఆర్సెనైట్‌గా మారుస్తుంది, మరికొన్ని ఆ ఆర్సెనైట్‌ను కణం బయటికి తోడేస్తాయి. ఈ వ్యవస్థనంతటినీ అదుపులో ఉంచే నియంత్రక ప్రోటీను ఆర్స్ఆర్ అని 1990 నాటికి తేలింది.

ఆర్స్ఆర్ చాలా చిన్నది, 117 అమైనో ఆమ్లాల గొలుసు మాత్రమే. రెండు గొలుసులు జతకట్టి, ఆపరాన్ మొదట్లోని డీఎన్ఏను పట్టుకుని కూర్చుంటాయి కాబట్టి, విషం లేనంతకాలం తోడివేసే ప్రోటీన్ల తయారీ అణగి ఉంటుంది. ఆర్సెనైట్ లోనికి వచ్చినప్పుడు ఆర్స్ఆర్‌లోని మూడు సిస్టీన్లు, అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు, అందులోని ఆర్సెనిక్ పరమాణువును మూడు వైపులా బంధిస్తాయి. ఆ బంధంతో ప్రోటీను ఆకృతి మారి డీఎన్ఏను వదిలేస్తుంది, వెంటనే జన్యువులు పని మొదలుపెడతాయి. ఆర్సెనైట్ మనిషి కణాలను చంపేది కూడా గంధకం మీది ఈ వ్యామోహంతోనే. శక్తినిచ్చే ఎంజైముల్లోని గంధకానికి అతుక్కుని వాటిని స్తంభింపజేస్తుంది. ప్రాణం తీసే ఆ గుణాన్నే బ్యాక్టీరియా విషం ఆనవాలు పట్టే సాధనంగా మలచుకుంది. ఈ చరిత్రలో ఇంతకంటే ఆశ్చర్యకరమైన విషయం మరొకటి లేదు. 1996లో ఎక్స్‌రే శోషణ పద్ధతితో ఆర్సెనిక్‌కూ గంధకానికీ మధ్య దూరం 2.25 ఆంగ్‌స్ట్రాములని లెక్కకట్టారు; ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు. బంధించే సిస్టీన్లు 32, 34, 37 స్థానాల్లో, సరిగ్గా డీఎన్ఏను తాకే భాగంలోనే ఉన్నాయి.

అయితే అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఈ అమరిక ఒకటి కాదు. ఆమ్లపు గనినీటిలో బతికే ఆసిడిథయోబాసిలస్ ఫెర్రోఆక్సిడాన్స్‌లో ఆ మూడు సిస్టీన్లు గొలుసు చివరి వైపున 95, 96, 102 స్థానాల్లో ఉంటాయి. పరిశ్రమల్లో గ్లుటమేట్ తయారీకి పెంచే కొరినీబ్యాక్టీరియం గ్లుటామికమ్‌లో ఒక గొలుసు నుంచి 15, 16, జంటగొలుసు నుంచి 55 కలిసి ఆర్సెనిక్‌ను పడతాయి. ప్రోటీను మొత్తం ఆకృతి ఒకటే అయినా విషాన్ని పట్టే చోటు వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టిందని దీని అర్థం. ఇది జీవరసాయన పరీక్షల నుంచి వచ్చిన నిర్ధారణ. ఆర్సెనిక్ అతుక్కుని ఉన్న ప్రోటీను రూపం కంటికి కనబడింది 2019లోనే. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్‌ఫర్మేటిక్స్ అండ్ అప్లైడ్ బయోటెక్నాలజీ శాస్త్రజ్ఞులు రోజెన్‌తో కలిసి ఈ రెండు ప్రోటీన్లనూ స్ఫటికాలుగా మార్చి, ఎక్స్‌రేలతో వాటి నిర్మాణాన్ని సాధించారు. గనినీటి బ్యాక్టీరియా ప్రోటీనులో జంటలోని ఒక సగంలోనే ఆర్సెనిక్ కనిపించింది, రెండవదానిలో రెండు సగాల్లోనూ కనిపించింది.

ఈ జ్ఞానం ప్రయోగశాల దాటి నీటిపరీక్షకు ఉపయోగపడిన సంవత్సరం 2003. స్విట్జర్లాండ్ పరిశోధకులు ఆర్స్ఆర్ అదుపులో రంగునో వెలుగునో ఇచ్చే జన్యువును ఈ.కోలైలో చేర్చి, తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు దగ్గర కూడా ఆర్సెనిక్‌ను గుర్తించగల కాగితపు పట్టీలు తయారుచేశారు. అదే సంవత్సరం హైదరాబాద్ శాస్త్రజ్ఞులు, నగరపు పారిశ్రామిక ప్రాంతాల్లో ఆర్సెనిక్ నేల నుంచి, నీటి నుంచి ఏ మార్గాన మనుషులను చేరుతోందో వివరించే అధ్యయనం ప్రచురించారు. విషం ఉన్న చోటును పరికరాలతో కొలిచే విద్య ఈ నగరానికి బాగా తెలుసు, విషాన్ని సహించే బ్యాక్టీరియాను పేరుపెట్టి గుర్తించే విద్యా తెలుసు. ఈ రెండింటినీ కలిపే ప్రోటీను అధ్యాయం మాత్రం ప్రధానంగా అమెరికాలో, బెంగళూరులో రాయబడింది.