సంఘపెద్దలో ‘పెద్ద’ ఎవరు?

తెలుగులో ‘పెద్ద’ అనే మాటకు లింగం లేదు. ‘కాపరి’కీ లేదు. వాటి చివర ‘డు’ లేదు, ‘రాలు’ లేదు. మరి సంఘపెద్ద, సంఘకాపరి అనగానే మనకు మగవాడే ఎందుకు కనబడతాడు? ఇందుకూరుపేట చుట్టుపక్కల చర్చిల్లో తిరుగుతున్నప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది.

ఈ పదవుల పేర్లు చాలావరకు మూలంలో పనుల పేర్లే. గ్రీకు ‘ఎపిస్కోపోస్’ అంటే పైనుండి కనిపెట్టి చూసే మనిషి. ఇంగ్లీషులో బిషప్ అయింది, తెలుగు బైబిల్లో అధ్యక్షుడయింది. సంస్కృతంలో ‘అధి’, ‘అక్షం’ కలిసినా పైనున్న కన్నే కాబట్టి మాట బాగానే కుదిరింది. పాస్టర్ లాటిన్‌లో గొర్రెల కాపరి. పాదిరి పోర్చుగీసు నాన్న. ‘డియాకొనోస్’ బల్ల దగ్గర వడ్డించే మనిషి. వడ్డన ఎవరి పనో వేరే చెప్పాలా?

రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు ఫీబేను డియాకొనోస్ అన్నాడు, మగవాళ్లకు వాడిన మాటే. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు అనువాదం ఫిలిప్పీ సంఘంలోని వాళ్లను డీకన్లు అంది, ఫీబే దగ్గరకొచ్చేసరికి సేవకురాలు అంది. తెలుగు బైబిలు ఆ పక్షపాతం చూపలేదు: అక్కడ పరిచారకులు, ఇక్కడ పరిచారకురాలు. కానీ వాడుకలో మగవాడు ‘డీకన్ గారు’, పరిచారకురాలంటే చాపలు పరిచే ఆమె. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ ఇద్దరు బానిస స్త్రీలను హింసించి విచారించాడు. సంఘంలో వాళ్లను ‘మినిస్ట్రే’ అంటారని రాశాడు. పరిచారకురాళ్లనే అర్థం. ఎవరిని పట్టుకుంటే సంఘం గుట్టు తెలుస్తుందో ఆ పాలకుడికి తెలుసు.

నెల్లూరికి అమెరికన్ బాప్టిస్టులు 1840లో వచ్చారు. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద ప్రార్థించిన ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు: జ్యూయెట్ భార్య, జూలియా, రూత్. మిషనరీ స్త్రీని జనం ‘దొరసాని’ అన్నారు, పెళ్లి కాకపోయినా, పక్కన ఏ దొరా లేకపోయినా. ఒంగోలులో పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి 1898లో పుస్తకం వేసింది. ఆమే మన పల్లెలకు దొరసాని!

తెలుగు స్త్రీలకు దక్కింది ‘బైబిలు స్త్రీ’. మా అవ్వ అదే. గంగపట్నం, మైపాడు దాకా నడిచివెళ్లి ఇళ్లలో ఆడవాళ్లకు చదివి వినిపించేది. ఆ పని మగవాడు చేస్తే బోధకుడు, ఉపదేశి. ‘బైబిలు పురుషుడు’ అనే మాట నేనెక్కడా వినలేదు.

మళ్లీ ‘పెద్ద’ దగ్గరకొస్తాను. గ్రీకు ‘ప్రెస్బుతెరోస్’ అంటే వయసులో పెద్ద. ఇంగ్లీషు ప్రీస్ట్ అందులోంచే వచ్చింది. తిమోతి మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఆ మాట పుంలింగంలో ఒకచోట వృద్ధుడు, మరోచోట సంఘాన్ని పాలించే పెద్దలు. స్త్రీలింగంలో వస్తే వృద్ధస్త్రీలు, అంతే. ఊళ్లో అప్పటికే కులపెద్దలున్నారు, పంచాయితీ పెద్దలున్నారు. చర్చి వచ్చాక ఆ మాట వాళ్ల అరుగు మీదినుండే లోపలికి నడిచింది. మగవాడు పెద్దమనిషి అయితే పదిమందిలో కూర్చోబెడతారు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే మూల కూర్చోబెడతారు. ఆ రోజుల్లో ప్రభువు బల్లలో చెయ్యి పెట్టకూడదని నాకూ చెప్పారు. చెప్పినవాళ్లు సంఘపెద్దలు కారు, సంఘపెద్దల భార్యలు.

2013 సెప్టెంబరు 30న నంద్యాలలో ఇ. పుష్పలలిత సి.ఎస్.ఐ. తొలి మహిళా బిషప్ అయ్యారు. ‘మహిళా’ అని ముందు తగిలించక తప్పలేదు. అధ్యక్షురాలు అనే మాట మనకు లేక కాదు. అది ఎప్పుడో స్త్రీల సమాజానికి వెళ్లిపోయింది.

పల్లెల్లో పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. స్త్రీయే పాస్టరయితే ఆమె కూడా అమ్మగారే. ఆమె భర్తను ఏమనాలని అడిగితే మావాళ్లు కాసేపు ఆలోచించి, “ఆయన కూడా అయ్యగారేలే” అన్నారు.