దండీ, బస్కీ, సంగిడి రాయి

జల్‌పల్లి నుంచి చాంద్రాయణగుట్ట వైపు పోతుంటే బార్కస్ తగులుతుంది. నిజాం కొలువులో సిపాయిలుగా చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే పేట అది. జామపళ్ళకు ఎంత పేరో పహిల్వాన్లకూ అంత పేరు. కుస్తీ పట్టడానికి ముందు అక్కడి కుర్రాళ్ళ ఒళ్ళు గట్టిపరిచిన కసరత్తుకు పరికరమంటూ ఏదీ అక్కర్లేదు. అరచేతులు నేలకానించి దండీలు, లేస్తూ కూర్చుంటూ బస్కీలు. కావలసిన జాగా ఒక మనిషి బారుగా పడుకునేంత. ఇవాళ శంషాబాద్ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో మంచానికీ బీరువాకూ మధ్య మిగిలేదీ అంతే. జిమ్ముకు కట్టే డబ్బు లేక ఇంట్లో చేసుకునే వ్యాయామాన్ని చాలామంది ఏదో సర్దుబాటు అనుకుంటారు. నాకు అది సరికాదనిపిస్తుంది. మన నేల మీద ముందు నుంచీ ఉన్నది ఇదే. యంత్రాలు చాలా ఆలస్యంగా వచ్చాయి.

ఎంత ముందు నుంచి? తెలంగాణలో చాలా భాగాన్ని ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం కూర్చాడు. అందులో మల్లవినోదం కోసం ఒక భాగమే ఉంది. మల్లుల్లో రకాలు, వాళ్ళ తిండి, రోజువారీ సాధన అన్నీ వరసగా చెప్పాడు.

ఇంకా కళ్ళకు కట్టే సాక్ష్యం విజయనగరానిది. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు వ్యాపారి డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల పొద్దుటి కసరత్తును రాసిపెట్టాడు. తెల్లవారకముందే రాయలు అర లీటరుకు కాస్త తక్కువగా నువ్వుల నూనె తాగి, అదే నూనె ఒళ్ళంతా పట్టించి, గోచీ బిగించేవాడట. తర్వాత మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతుల్లోకి తీసుకుని ఎత్తేవాడు. పట్టించిన నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, ఆపైన తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడు. అదయ్యాక తెల్లారేవరకు గుర్రపు స్వారీ. నూనె తాగడం మనకెందుకు గానీ, ఆ మట్టి బరువుల దగ్గర కాసేపు ఆగాలి. వజ్రాలు రాసులు పోసిన రాజ్యానికి ప్రభువు. ఆయన కండలకు కావలసింది బరువే. అది ఇనుమా, ఇత్తడా, మట్టా అన్నది కండకు తెలియదు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈ పని రాయి చేసింది. పండగలకు, జాతర్లకు సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పటికీ జరుగుతాయి. ఆ సీమలోని వీరఘట్టంలోనే కోడి రామ్మూర్తి నాయుడు పుట్టాడు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకుని, ఇనుప గొలుసులు తెంపి కలియుగ భీముడనిపించుకున్న ఆ శాకాహారి, సర్కస్ పెట్టకముందు విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన మాస్టారు. ఆమదాలవలస దగ్గరి వూసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులెత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే.

పడమటి దేశాల్లోనూ ఇంటి వ్యాయామం ఇరుకులోంచే వచ్చింది. 1904లో డెన్మార్కు వాడు యోర్గెన్ పీటర్ ముల్లర్ రోజుకు 15 నిమిషాల పద్ధతి ఒకటి పుస్తకంగా వేస్తే ఐరోపా అంతా పాకింది. 1950ల చివర్లో కెనడా వైమానిక దళానికి చిక్కొచ్చింది. మారుమూల స్థావరాల్లో పైలట్లకు వ్యాయామశాలలు లేవు. వాళ్ళ కోసం బిల్ ఓర్బన్ అయిదు కసరత్తులతో 11 నిమిషాల పట్టిక తయారుచేశాడు. ఆడవాళ్ళకు పది కసరత్తులు, 12 నిమిషాలు. అందులో నాకు బాగా నచ్చింది దాని మెట్ల వరస. మొదటి మెట్టు ఎవరైనా ఎక్కగలిగేంత తేలిక. తొందరపడి పై మెట్టుకు దూకనివ్వదు. 2013లో ఇద్దరు అమెరికా శిక్షకులు ఒక గోడ, ఒక కుర్చీ చాలంటూ 12 కసరత్తులను ఏడు నిమిషాల్లోకి కుదించారు. ఫోన్లలో ఇవాళ తిరిగే ఏడు నిమిషాల వ్యాయామ యాప్‌లలో చాలావాటికి మూలం అదే.

ఆ మెట్ల వరసను దండీకి అన్వయిస్తే కొత్తవాళ్ళ పని తేలికవుతుంది. నేల మీద దండీ తీసినప్పుడు ఒంటి బరువులో సుమారు మూడింట రెండొంతులు చేతుల మీద పడుతుంది. మోకాళ్ళు ఆనిస్తే సగం పైచిలుకు. గోడకు ఎదురుగా నిలబడి తోస్తే అంతకన్నా బాగా తక్కువ. కాబట్టి మొదట గోడ, కొన్ని వారాలకు వంటగట్టు, ఆ తర్వాత మోకాళ్ళ మీద, చివరికి నేల. వినాయకుడి ముందు చెవులు పట్టుకుని గుంజీలు తీసిన ప్రతి తెలుగువాడికీ బస్కీ పాతదే. మోకాళ్ళు సహకరించకపోతే కుర్చీలో కూర్చుని, చేతుల ఊతం లేకుండా లేవండి. ప్లాస్టిక్ కుర్చీ నున్నటి టైల్స్ మీద వెనక్కి జారిపోతుంది, అందుకే దాని వీపు గోడకు ఆనించాలి. పల్చటి దుప్పటీ జారుతుంది, బొంత జారదు. కింది ఇంటివాళ్ళ నెత్తిన గెంతులెందుకు? గెంతే కసరత్తులకు బదులు మెట్లెక్కండి. సంగిడి రాయి స్థానంలో నీళ్ళు నింపిన రెండు లీటర్ల సీసా ఉంది, అది రెండు కిలోలు. అయిదు కిలోల బియ్యం సంచి పిల్లల బడి సంచిలో పెట్టి వీపున తగిలించుకుంటే బస్కీలకు పహిల్వాను సాధన రుచి తెలుస్తుంది. గుండె జబ్బో, బీపీయో ఉన్నవాళ్ళు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

ఒక్కచోట మాత్రం మన పాత పద్ధతి వెనకబడింది. కుస్తీ, కసరత్తు నేర్పే తాలింఖానా గడప చాలావరకు మగవాళ్ళదే. ఆడవాళ్ళు రోకలి దంచారు, తిరగలి విసిరారు, బిందెలు మోశారు, కానీ వాళ్ళ ఒంటి కోసమని ఒక పూట ఎవరూ ఇవ్వలేదు. మిక్సీ, కుళాయి వచ్చాక ఆ శ్రమా పోయింది, దాని చోట మరొకటి రాలేదు. వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒక విడత కనీసం పది నిమిషాలుండాలన్న పాత నియమాన్ని తీసేసింది. అంటే కుక్కర్ మూడో కూత వేసేలోపు వంటగట్టు మీద తీసిన దండీలూ లెక్కలోకి వస్తాయి, నాలుగో అంతస్తుకు లిఫ్టు వదిలి ఎక్కిన మెట్లూ వస్తాయి.