“పెళ్ళయితే అదే సర్దుకుంటుంది”

పద్నాలుగో ఏట మొదలైన నా బహిష్టు నొప్పికి మా ఇంట్లో ఒకటే మందు, “పెళ్ళయితే అదే సర్దుకుంటుందిలే” అన్న మాట. పీహెచ్.డి. చేస్తున్నప్పుడు చూపించుకున్న డాక్టరమ్మ కూడా అదే అంది. ముప్పై రెండో ఏట లాపరోస్కోపీ చేస్తే ఎండోమెట్రియోసిస్ అని తేలింది. అప్పటికే ఒక అండాశయం పాడైపోయింది. మా అమ్మమ్మ మాట డాక్టరు నోటికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలని ఈ జబ్బు చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరిగి వాపునీ నొప్పినీ కలిగించడమే ఈ జబ్బు. అమెరికాలోని ఆల్బనీలో జాన్ శాంప్సన్ 1921లో, పాత నెత్తురు నిండిన ‘చాక్లెట్ తిత్తుల’ను వర్ణించాడు. 1940లలో బోస్టన్ డాక్టరు జో మీగ్స్, ఆలస్యంగా పెళ్ళాడి ఆలస్యంగా పిల్లల్ని కనడమే దీనికి కారణమన్నాడు. అలా ఇది చదువుకున్న, ఉద్యోగాలు చేసే తెల్ల స్త్రీల జబ్బయింది. అదే నొప్పితో నల్లజాతి స్త్రీ వస్తే సుఖవ్యాధుల ఖాతాలో వేశారు. అలా పొత్తికడుపు ఇన్ఫెక్షన్ అని రాసిపెట్టిన నల్లజాతి స్త్రీలలో 20 శాతానికి పైగా ఎండోమెట్రియోసిస్ ఉందని 1976లో డొనాల్డ్ చాట్‌మన్ చూపించాడు. నొప్పి ఒకటే. ఒకరి విషయంలో చదువు తప్పయింది, మరొకరి విషయంలో నడవడి.

రచయిత్రులకి ఇంకో శిక్ష కూడా ఉంది. ఇంగ్లీషు నవలాకారిణి హిలరీ మాంటెల్ విద్యార్థినిగా నొప్పి అని వెళ్తే మానసిక రోగానికి మందులిచ్చారు. సైకియాట్రిస్టు రాయడమే మానుకోమన్నాడు. తర్వాత బోట్స్వానాలో ఉన్నప్పుడు వైద్యగ్రంథం చదివి తన జబ్బేమిటో తానే కనిపెట్టుకుంది. 1979లో, 27 ఏళ్ళకే, లండన్‌లో గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. ఇదంతా 2003లో వచ్చిన ఆత్మకథలో రాసింది. రాయడం మాత్రం మానలేదు, బుకర్ బహుమతి రెండుసార్లు గెలిచింది.

పెళ్ళిగానీ కాన్పుగానీ ఈ జబ్బుని నయం చెయ్యవని ఇవాళ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో దాదాపు 19 కోట్లమంది దీంతో బతుకుతున్నారు. అయినా జబ్బు పేరు తెలియడానికే చాలామందికి ఏళ్ళు పడుతోంది. ఆడదాని మాట సాక్ష్యంగా చెల్లదు కదా!

పోయిన నెల మా అక్క కూతురు కడుపునొప్పితో ముడుచుకుని పడుకుంది. పక్కన కూచుని ఎక్కడ, ఎప్పట్నుంచి, ఎంత అని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాను. మా అమ్మ అక్కడే ఉంది. ఈసారి ఆ పాతమాట అనలేదు.