ఆకాశరామన్న అర్జీలు

మన సంఘ సభ్యులలో ఆకాశరామన్నను ఎరుగనివారుండరు. ఆయన ఏ ఊరివాడో, ఏ శాఖవాడో తెలియదు గాని, పదోన్నతుల జాబితా తయారయ్యే రోజుల్లో ఆయన ఉత్తరం తప్పక వచ్చేది. సంతకం లేని ఉత్తరం రాసేవాడికి తెలుగువారు పెట్టిన పేరది.

1990 తరువాత కొన్నేళ్లు నేను నెల్లూరు జిల్లా తీర మండలాలలో పనిచేశాను. సముద్రం వెంట రొయ్యల గుంటలు విపరీతంగా పెరిగిన కాలమది. గుంటల ఉప్పునీరు మంచినీటి బావిలోకి దిగుతోందని, పట్టపుపాలెంవారు సముద్రానికి పోయే దారి మూసేశారని 'గ్రామ ప్రజలు' పేరుతో కొన్ని అర్జీలు వచ్చేవి. ఆ గుంటల మీదనే కూలికి పోయేవాడు తన పేరెట్లా రాస్తాడు? ఫలానా గుమాస్తా మేడ కట్టాడనీ, ఫలానా ఉద్యోగిని నడవడి మంచిది కాదనీ 'ఒక శ్రేయోభిలాషి' రాసేవి మరికొన్ని. పేరు దాచుకునే వీలు భయస్తుడికి నోరిచ్చింది, అసూయపరుడికీ ఇచ్చింది.

అది చదివేవారినీ మార్చేది. ఉత్తరం అందగానే ముందు జరిగేది బావి నీళ్లు చూడటం కాదు. దస్తూరీ పోల్చడం, తపాలా ముద్ర పరీక్షించడం. ఏమి రాశాడన్నదాని కంటే ఎవడు రాశాడన్నదే ముఖ్యమైపోయేది. పక్కబల్ల మనిషిని కూడా అనుమానంగా చూసేవాళ్లం.

సంతకానికి ఉన్న బలం వేరు. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ తన పేరుతో వేసిన వ్యాజ్యం మీదనే సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పు చెప్పింది. అయితే అందరూ జగన్నాథన్లు కాలేరు గదా!

కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999 జూన్ 29న అనామక ఫిర్యాదులపై ఏ చర్యా తీసుకోరాదన్నది. 2002 అక్టోబరులో, సరిచూడదగిన వివరాలుంటే తన అనుమతితో విచారించవచ్చని సడలించింది. 2014 నవంబరులో ఆ సడలింపును తీసివేసింది. నిందలకు బలైన ఉద్యోగులకు ఇది ఊరటే. మరి భయంతో పేరు దాచినవాడి గతి?

సత్యేంద్ర దూబే జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు. పనులలో అక్రమాల గురించి 2002లో ప్రధానమంత్రికి రాశారు. పేరు లేకపోతే ఎవరూ పట్టించుకోరని విడి కాగితం మీద తన వివరాలిచ్చి, రహస్యంగా ఉంచమని కోరారు. ఆ రహస్యం నిలవలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. సి.బి.ఐ. దానిని దోపిడీదారుల పనిగా తేల్చింది. ఏమైనా, ఆయన కోరిన ఒక్క రక్షణా ఆయనకు దక్కలేదు.

దేశమంతటా ఆందోళన రేగిన పిమ్మట 2004 ఏప్రిల్ 21న కేంద్రం ఒక తీర్మానం చేసింది. దాని ప్రకారం ఫిర్యాదుదారు పేరు, చిరునామా రాసి, కవరు మూసి కమిషన్‌కు పంపాలి. కమిషన్ ఆ పేరు బయటపెట్టకూడదు. ఇది కేంద్ర ఉద్యోగుల, సంస్థల వ్యవహారాలకే పరిమితమైనా, పద్ధతి మంచిది. రాసేవాడు తన మాటకు బాధ్యుడవుతాడు, పగకు గురికాడు.

ఇప్పుడు అధికారంలో ఉన్న మన పిల్లలకు నా మనవి ఒకటే. మీ కార్యాలయానికి ఆకాశరామన్న ఉత్తరాలు ఎక్కువగా వస్తుంటే దస్తూరీ వెతకకండి. అక్కడ పేరు పెట్టి చెప్పినవాడికి అంతకుముందు ఏమి జరిగిందో విచారించండి.