విశాఖ తీరంలో శాస్త్ర పరిశోధన పత్రం: రాతప్రతి తయారీ పరిణామం

శాస్త్ర పత్రికకు పంపే పరిశోధన పత్రం రాతప్రతిని సిద్ధం చేయడమంటే సారాంశం, పద్ధతి, ఫలితాలు, చర్చ, ఆధారాల పట్టిక అనే భాగాలను వరసగా అమర్చడమేనని నేటి పరిశోధక విద్యార్థులు అనుకోవడం సహజం. పత్రికలు రచయితలకిచ్చే సూచనల్లో మొదట కనిపించేవి అవే. అయితే ఈ భాగాలేవీ ఒక్కరి ఆలోచనతో, ఒక్కసారిగా పుట్టినవి కావు. ప్రయోగం జరిగిన చోటును ఎన్నడూ చూడని, చూసే వీలు కూడా లేని పాఠకుడికి ఏయే సందేహాలు రాగలవో ఊహించి, వాటికి ముందుగానే జవాబు రాసిపెట్టవలసి రావడం వల్ల అవి ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. లండన్‌కూ పారిస్‌కూ పక్క వీధిలో ఉన్న శాస్త్రజ్ఞుడికి ఈ అవసరం అంతగా తెలియకపోవచ్చు గాని, నాతవరం కొండలు, తాండవ ఆయకట్టు చెరకు తోటల నుంచి విశాఖపట్నం రేవు దాకా విస్తరించిన ఈ ప్రాంతంలో పని చేసినవారికి అది మొదటినుంచీ తెలుసు.

1665లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌ను ప్రారంభించిన నాటికి శాస్త్ర పత్రమంటే ప్రధానంగా ఉత్తరమే. ఆ ఉత్తరపు స్వభావం తర్వాత రెండు వందల ఏళ్లపాటు నిలిచి ఉంది. విశాఖపట్నంలో ఆ సంప్రదాయాన్ని అందుకున్నవారిలో ఒకరు జమీందారు గోడే వెంకట జగ్గారావు. మద్రాసు వేధశాలలో టి. జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లోని తన ఆవరణలో సొంత ఖర్చుతో వేధశాల కట్టించిన ఆయన, తన వ్యాసాలను మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్‌కు పంపేవారు. ఆయన 1856లో మరణించిన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు వేధశాల బాధ్యత స్వీకరించి, ప్రభుత్వోద్యోగం కూడా వదులుకుని, గ్రహణాలనూ గ్రహ సంక్రమణాలనూ, అంటే బుధ, శుక్ర గ్రహాలు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్నీ పరిశీలించి, ఆ వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి మంత్లీ నోటీసెస్‌లో ప్రచురించారు. 1874 డిసెంబరు 9 నాటి శుక్ర సంక్రమణం మీద ఆయన పంపిన నివేదిక కూడా అందులో వెలువడింది.

అటువంటి ఖగోళ నివేదికలో వర్ణన ఎంత ఇంపుగా ఉన్నా దానికి విలువ లేదు. వేధశాల అక్షాంశ రేఖాంశాలు, దూరదర్శిని కటకం వ్యాసం, దానితో వాడిన ఆవర్ధనం, గడియారం ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో నడుస్తున్నదీ, ఆ తేడాను ఏ నక్షత్రాలను చూసి నిర్ధారించిందీ, ఆనాటి ఆకాశం తేటగా ఉందో లేదో చెప్పిన తర్వాతే, గ్రహం సూర్యబింబం అంచును తాకిన క్షణానికి అర్థం ఏర్పడుతుంది. పద్ధతి అని నేడు విడిగా శీర్షిక పెట్టి రాసే భాగం అంతా ఆ కాలపు ఉత్తరంలో శీర్షిక లేకుండానే ఇమిడి ఉండేది. నర్సింగరావు 1871లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారన్న విషయాన్ని గౌరవంగా మాత్రమే చెప్పుకుంటూ వస్తున్నారు గాని, విశాఖ గడియారం మీద లండన్ గణకులకు నమ్మకం కలిగించేలా రాయగలగడం ఆ గౌరవం కన్నా అరుదైన నేర్పు.

దూరం వల్ల కలిగే మరో చిక్కుకు కూడా ఈ తీరమే సాక్షి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపట రేఖలను గ్రహణం లేనప్పుడు కూడా చూడవచ్చునని గ్రహించి, మర్నాడే చూసి, ఆ పద్ధతిని వివరిస్తూ సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్ అకాడమీకి ఉత్తరం రాశారు. అది అక్టోబరు 26 నాటి సమావేశానికి అందింది. ఇంగ్లండులో ఖగోళశాస్త్రజ్ఞుడు లాకయర్ అదే పద్ధతిని అక్టోబరు 20న సాధించి పంపిన లేఖ కూడా అదే సమావేశానికి చేరింది. రెండు నెలల ముందు చేసిన పనికీ ఆరు రోజుల ముందు చేసిన పనికీ సమాన గౌరవం దక్కడం, ఆ తర్వాత ఇద్దరి ముఖాలతో ఫ్రాన్సు పతకం వేయించడం, పెద్దల ఔదార్యమనిపించుకుంది. రాతప్రతి పత్రికకు అందిన తేదీని వ్యాసం కింద అచ్చు వేసే ఆచారం ఎందుకు అవసరమో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడడంతో రాతప్రతి స్వభావం మారింది. ఆకాశంలో జరిగిన సంగతిని ఒక్క క్షణానికి కుదించి చెప్పవచ్చు గాని, చెరకు తోట సంగతి ఏడాది పొడవునా సాగేది. పొలానికీ పొలానికీ నేల వేరు, నీరు వేరు, మొక్క తోటకు వచ్చిన దిగుబడి కార్శి తోటకు, అంటే నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగిన తోటకు, రాదు. ఒక రకం మరో రకం కన్నా మేలని రాసినప్పుడు, ఆ తేడా రకానిదా, నేలదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే సాధనం చాలాకాలం లేదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో ఆర్. ఎ. ఫిషర్ 1920లలో రూపొందించిన పద్ధతి ఆ లోటు తీర్చింది. పొలాన్ని దాదాపు ఒకే రకం నేల ఉన్న ఖండాలుగా విడదీసి, ప్రతి ఖండంలోనూ అన్ని రకాలనూ చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నాటి, అదే ఏర్పాటును అనేక ఖండాల్లో పునరావృతం చేసి, తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి కావలసిన కనీస పరిమాణాన్ని లెక్కకట్టడం దాని సారం. అప్పటినుంచి సాగు ప్రయోగాల పత్రంలో పట్టిక అడుగున ఆ కనీస తేడా సంఖ్య ఒక వరసగా చేరింది. అది లేని పట్టిక ఎంత చక్కగా కట్టినా సమీక్షకుడు తిప్పి పంపే పరిస్థితి వచ్చింది. ఎకరాలనూ పౌండ్లనూ హెక్టార్లుగా, కిలోలుగా మార్చి రాయవలసి రావడం 1956 నాటి తూనికలు కొలతల చట్టం తర్వాతి సంగతి. పరిశోధకుడు ఒకే ప్రయోగాన్ని పత్రిక కోసం హెక్టారు లెక్కలోనూ, రైతు కోసం ఎకరం లెక్కలోనూ రాసుకునే అలవాటు ఇప్పటికీ పోలేదు.

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1930ల తొలి ఏళ్లలో విజ్ఞానశాస్త్ర శాఖలు ప్రారంభం కావడంతో పత్రరచన ఒంటరి వ్యక్తుల వ్యాసంగంగా కాక ప్రయోగశాల దినచర్యగా మారింది. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి. ఆర్. శేషాద్రి ఈ మార్పుకు ప్రధాన కారకులు. అంతకు ముందు మేలైన ఫలితం ఏదైనా విదేశీ పత్రికకే పంపాలన్న భావన బలంగా ఉండేది. 1926లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్, 1932లో కరెంట్ సైన్స్, 1934లో సి. వి. రామన్ బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్ వెలువడిన తర్వాత అది సడలింది. శేషాద్రి బృందం పత్తి పువ్వుల రంగుల మీద, జిల్లేడు మొక్క రసాయనాల మీద ఒకటో భాగం, రెండో భాగం అంటూ వరసగా ప్రచురించిన పత్రాలు ఎక్కువగా ఆ ప్రొసీడింగ్స్‌లోనే కనిపిస్తాయి.

ఆ కాలపు రసాయన పత్రంలో ప్రయోగ విభాగాన్ని దగ్గరగా చూస్తే రచనా క్రమశిక్షణ అర్థమవుతుంది. మొక్క భాగాన్ని ఎంత తూకంలో తీసుకుని, ఏ ద్రావణిలో ఎన్ని గంటలు మరిగించిందీ, దొరికిన స్ఫటికాల రంగూ ఆకారమూ, అవి కరిగే ఉష్ణోగ్రతా చెప్పి, చివర ఒక వాక్యంలో విశ్లేషణలో తేలిన కార్బన్, హైడ్రోజన్ శాతాలనూ, ప్రతిపాదించిన ఫార్ములా ప్రకారం రావలసిన శాతాలనూ పక్కపక్కన పెట్టేవారు. ఆ రెండు అంకెల మధ్య దూరమే పత్రం భవితవ్యాన్ని నిర్ణయించేది. చర్చలో ఎంత వాదించినా ఆ వాక్యాన్ని దాటడం సాధ్యం కాదు. హార్వర్డ్‌లో ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించిన, నీలిరంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఏ దేశంలోనైనా అలాగే పని చేయడానికి కారణం కూడా, రసాయనాల కొలతల్లో దేన్నీ పాఠకుడి ఊహకు వదలని ఆ రచనా తీరే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరులో గణితం చదివిన సి. ఆర్. రావు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ప్రచురించిన పదకొండు పుటల పత్రం, అంచనాల కచ్చితత్వానికి ఉండే హద్దును నిరూపించి, గణాంకశాస్త్రంలో నేటికీ ఆయన పేరుతోనే నిలిచింది. దేశీయ పత్రికలో వేసిన పత్రం మరుగున పడిపోతుందన్న వాదనకు అదొక్కటే జవాబు కాకపోయినా, తోసిపుచ్చలేని జవాబు.

టైపురైటర్ కాలంలో రాతప్రతి తయారీ చాలావరకు చేతిపని. మధ్యలో కార్బన్ కాగితాలు పెట్టి రెండు వరసల ఎడంతో టైపు చేయించడం, యంత్రంలో లేని గ్రీకు అక్షరాలనూ సమీకరణాలనూ నల్లసిరాతో చేత్తో నింపడం, పటాలను ట్రేసింగ్ క్లాత్ మీద ఇండియన్ ఇంకుతో గీయించి, అచ్చులో సగానికి కుదించినా అక్షరాలు చదవడానికి వీలయ్యే పరిమాణంలో రాయించడం రచయిత బాధ్యతలు. నెలల తర్వాత ప్రూఫులు వచ్చేవి. అచ్చయ్యాక వచ్చే రీప్రింట్లు, అంటే వ్యాసం విడిప్రతులు, అడిగిన విదేశీ పరిశోధకులకు టపాలో వెళ్లేవి.

సమీక్ష వ్యవస్థ ఈ మధ్యలో క్రమంగా గట్టిపడింది. లండన్ రాయల్ సొసైటీ 1830లలోనే నిపుణుల అభిప్రాయం తీసుకోవడం మొదలుపెట్టినా, నేచర్ పత్రిక దాన్ని తప్పనిసరి చేసింది 1973లోనే. 1978లో వాంకూవర్‌లో సమావేశమైన వైద్యపత్రికల సంపాదకులు రాతప్రతులకు ఉమ్మడి నియమాలు ఏర్పరచారు. 1978లో డొనాల్డ్ కనూత్ రూపొందించిన టెక్ అనే అక్షర కూర్పు సాఫ్ట్‌వేర్, దాని మీద లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్ సమీకరణాల బెడదను తీర్చాయి గాని, టైపిస్టు పనీ చిత్రకారుడి పనీ ఏ ప్రతిఫలమూ లేకుండా పరిశోధకుడి నెత్తినే పడ్డాయి.

పత్రాన్ని ఎందుకు రాస్తున్నారన్న ప్రశ్న ముందుకు రావడం ఇటీవలి పరిణామం. 2016 నిబంధనల ప్రకారం పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు సమీక్షిత పత్రికలో కనీసం ఒక పత్రం ప్రచురించి ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఆదేశించింది; 2022లో ఆ షరతు తొలగించింది. ఈ మధ్యలో, నిపుణుల సమీక్ష పేరుకే ఉండి, డబ్బు తీసుకుని ఏ పత్రాన్నయినా ప్రచురించే వంచక పత్రికలు పెరిగాయి. హైదరాబాదు కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఒమిక్స్ సంస్థ రచయితలను మోసపుచ్చిందని తేల్చి, అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 2018 మేలో 4,305 పత్రికలను తొలగించి, 2019లో కేర్ పేరుతో కొత్త జాబితా తెచ్చింది. అరువు వాక్యాలు పది శాతం మించితే చర్య తప్పదన్న 2018 నిబంధన వల్ల రాతప్రతితో పాటు సారూప్య పరీక్ష నివేదిక కూడా జతపడింది. పద్ధతి విభాగంలో అందరూ ఒకే ప్రక్రియను ఒకే మాటల్లో చెప్పక తప్పని చోట కూడా శాతం తగ్గించడానికి మాటలు మార్చడం వల్ల స్పష్టత చెడుతున్నదన్నది ఆ నిబంధన రాసినవారు ఆలోచించవలసిన విషయం.

కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో నిలిపివేసి, మంచి పత్రికను గుర్తించడానికి కొన్ని ప్రమాణాలు మాత్రం సూచించి, నిర్ణయాన్ని విద్యాసంస్థలకే వదిలింది. ఇక మీదట వాల్తేరు రసాయనశాస్త్ర పత్రమైనా, తాండవ ఆయకట్టులో పండించిన చెరకు మీద అనకాపల్లి కేంద్రం రాసిన పత్రమైనా ఏ పత్రికకు పంపాలో జాబితా చెప్పదు. సంపాదక వర్గంలో ఎవరున్నారో, పాత సంచికల్లో పట్టికలు ఎంత నిక్కచ్చిగా ఉన్నాయో చూసి పర్యవేక్షకుడూ విద్యార్థీ తేల్చుకోవలసిందే.