గుండె మందులు వాడేవారు నొప్పుల బిళ్ల వేసుకోవచ్చా?

పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసి ఒళ్లు నొప్పులొస్తే మెడికల్ షాపులో నొప్పుల బిళ్ల కొనుక్కోవడం మామూలే. కానీ స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి అది ప్రమాదం. ఈ రెండూ రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. అన్నీ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారొచ్చు. పెద్దవయసు వారికి, ఇంతకుముందు అల్సర్ వచ్చినవారికి ముప్పు ఎక్కువ.

నొప్పికి పారాసెటమాల్ సరిపోతుందేమో డాక్టర్‌ను అడగండి. గ్యాస్ బిళ్ల కూడా సొంతంగా కొనొద్దు. ఒమెప్రజోల్ వల్ల క్లోపిడోగ్రెల్ పనితనం తగ్గొచ్చు. అందుకే చాలామందికి పాంటోప్రజోల్ రాస్తారు.

విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కడుపులో మంటగా ఉందని గుండె మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోతే ప్రాణానికే ముప్పు.