చర్చి గాయకబృందం: పుట్టుపూర్వోత్తరాలు

క్రైస్తవ ఆరాధనలో పాటను నడిపించే గాయకబృందాన్ని తెలుగు సంఘాల్లో క్వయిర్ అంటారు. దీని మూలాలు యెరూషలేము దేవాలయంలో ఉన్నాయి. దినవృత్తాంతముల మొదటి గ్రంథం ప్రకారం దావీదు రాజు లేవీయుల్లో 4,000 మందిని వాద్యాలతో దేవుణ్ణి స్తుతించే పనికి నియమించాడు. ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల నుంచి సంగీతంలో ఆరితేరిన 288 మందిని పన్నెండేసి మంది చొప్పున 24 వంతులుగా చేశారు. ఎవరి వంతు ఎప్పుడో చీట్లు వేసి తేల్చారు. ఆ చీట్లలో గురువుకీ శిష్యుడికీ తేడా చూపలేదు. సితారా, స్వరమండలం, తాళాలు వారి వాద్యాలు. కీర్తనల గ్రంథంలో 12 కీర్తనలు ఆసాపు పేరుతోనే ఉన్నాయి.

క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చడంతో ఆ ఏర్పాటు ముగిసింది. తొలి క్రైస్తవులు ఇళ్లలో కూడుకునేవారు, పాట అందరిదీ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖలో, వీరు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి వంతులవారీగా పాడతారని తెలిపాడు. 386లో మిలాన్‌లో రాజమాత జస్టీనా, క్రీస్తు తండ్రితో సమానుడు కాదనే ఆరియన్ వర్గం కోసం ఒక ఆలయాన్ని అడిగినప్పుడు, విశ్వాసులు అందులోనే రాత్రింబగళ్లు కాపు కాశారు. వారు నీరసపడకుండా బిషప్ అంబ్రోస్ తూర్పు దేశాల పద్ధతిలో పాటలు పాడించాడు. ఈ సంగతి వేదాంతి అగస్టీన్ రాసిపెట్టాడు.

అదే శతాబ్దంలో మరో ధోరణి కూడా మొదలైంది. ఆలయాలు పెద్దవై, ఆరాధన క్రమం జటిలమయ్యేసరికి పాట తప్పుతుందన్న భయం కలిగింది. నియమితులైన గాయకులు తప్ప వేరెవరూ వేదిక మీద నుంచి పాడకూడదని లవొదికయ సభ తీర్మానించింది. తర్వాత రోమ్‌లో చిన్నప్పటి నుంచే శిక్షణనిచ్చే గాయకశాల ఏర్పడింది. మఠాల్లో సన్యాసులు లాటిన్ కీర్తనలను కంఠస్థం చేసేవారు. 11వ శతాబ్దంలో గ్విడో ఆఫ్ అరెజ్జో గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని స్థిరపరచడంతో, ఎన్నడూ వినని పాటను కూడా చూసి పాడటం సాధ్యమైంది. ఆ పైన అనేక గొంతులు వేర్వేరు వరసల్లో కలిసి పాడే సంగీతం పెరిగింది. కళగా అది శిఖరానికి చేరింది, సామాన్య భక్తుడు మాత్రం శ్రోతగా మిగిలాడు.

16వ శతాబ్దపు సంస్కరణోద్యమం పాటను తిరిగి సంఘం చేతికిచ్చింది. 1524లో మార్టిన్ లూథర్ పాటలతో తొలి జర్మన్ పాటల పుస్తకాలు వెలువడ్డాయి. అదే ఏడాది యోహాన్ వాల్టర్ గాయకబృందాల కోసం ఒక సంపుటం కూర్చగా, లూథర్ దానికి ముందుమాట రాశాడు. లూథరన్లలో బృందం పోలేదు, దాని పని మారింది. కొత్త పాటను సంఘానికి నేర్పడం, చరణాలను సంఘంతో వంతులు వేసుకుని పాడటం దాని బాధ్యతలయ్యాయి. జెనీవాలో మరో సంస్కర్త కాల్విన్ మరింత ముందుకెళ్లి, వాద్యాలు లేకుండా అందరూ ఒకే వరసలో కీర్తనలు పాడాలన్నాడు. 150 కీర్తనలూ ఉన్న జెనీవా పుస్తకం 1562లో పూర్తయింది.

ఇంగ్లండ్‌లో చదువురాని వారి కోసం ఒకరు పంక్తి చెబితే అందరూ దాన్ని అందుకుని పాడే అలవాటు ఉండేది. 1707లో ఐజక్ వాట్స్ పాటల సంపుటి వచ్చాక కొత్త గీతాలకు దారి తెరుచుకుంది. 18వ శతాబ్దంలో పల్లె ఆలయాల పడమటి మేడ మీద ఊరి చేతిపనివారు, రైతుకూలీలు ఫిడేలు, క్లారినెట్, బసూన్ పట్టుకుని పాటను నడిపారు. నేటి స్వచ్ఛంద గాయకబృందానికి వీరు దగ్గరి పూర్వీకులు. ఆరాధనలో పాత ఆచారాలను తిరిగి తేవాలంటూ 1833లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమ ప్రభావంతో వీరి స్థానంలో ఆర్గన్, తెల్లని అంగీల గాయకబృందం వచ్చాయి. థామస్ హార్డీ 1872 నాటి నవల 'అండర్ ద గ్రీన్‌వుడ్ ట్రీ'లో ఈ మార్పునే చిత్రించాడు.

బృందంలో ఎవరు ఉండాలన్న దానిపైనా వివాదాలు నడిచాయి. 1903లో పోప్ పదో పయస్ స్త్రీలకు గాయకబృందంలో చోటు లేదన్నాడు. 1963లో రెండవ వాటికన్ సభ భక్తులందరూ పాటలో చురుగ్గా పాల్గొనాలని కోరింది. 1967 నాటి రోమ్ సూచనలు స్త్రీపురుషులు కలిసిన బృందాలను అంగీకరించాయి. ఈలోగా అమెరికాలో నల్లజాతి సంఘాలు మరో బాట వేశాయి. బ్లూస్ పియానో వాయించిన థామస్ డోర్సీ 1930ల తొలినాళ్లలో షికాగో బాప్టిస్టు ఆలయాల్లో గాస్పెల్ బృందాలను నిలబెట్టాడు. చప్పట్లు, ఊగుతూ పాడటం, నాయకుడి పిలుపుకు బృందం బదులివ్వడం వాటి లక్షణాలు.

తెలుగునాట ఈ చరిత్ర 19వ శతాబ్దంలో ఊపందుకుంది. లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నం చేరింది. మిషనరీలు తెచ్చిన పాశ్చాత్య గీతాలకు తెలుగు మాటలు కూర్చినా, వాటి నడక ఇక్కడి చెవికి కొత్త. ఆ లోటు తీర్చినవాడు పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం పొందిన ఆయన, కర్ణాటక రాగతాళాల్లో, పల్లవి, చరణాల కట్టులో అనేక కీర్తనలు రాశాడు. వివిధ మిషన్ల సంఘాలు పాడుకునే 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చువేయడం ఆనవాయితీ. నాయకుడు పల్లవి ఎత్తుకుంటే సంఘం అందుకునే భజన పద్ధతికి ఈ కట్టు సరిపోయింది. అందుకే పుస్తకం చదవలేని వారికి కూడా కీర్తనలు నోటికి వచ్చాయి.

హార్మోనియం ఈ పాటకు తోడైంది. 1842లో పారిస్‌లో పేటెంట్ పొందిన ఈ వాద్యాన్ని నేల మీద కూర్చుని చేత్తో తిత్తి ఊదుతూ వాయించేలా కలకత్తాలో మలిచారు. డోలక్, తబలా, తాళాలు దానికి జతకలిశాయి. ఇటీవలి దశాబ్దాల్లో కీబోర్డు, గిటార్, రిథమ్ ప్యాడ్ వచ్చాయి. పుస్తకం పక్కన తెర చేరింది, క్వయిర్ పక్కన వర్షిప్ టీమ్ అన్న పేరు వినిపిస్తోంది. స్తుతి ఆరాధన పేరిట పాటల సమయమూ పెరిగింది.

వాద్యాలు మారినా పని మారలేదు. ఆదివారం వాక్యానికి తగిన పాటలు ఎంచడం, ముందుగా కూడి సాధన చేయడం, అందరి గొంతుకూ అందే శ్రుతి పట్టడం, కొత్త పాటను సంఘానికి నేర్పడం గాయకుల విధులు. మైకుల హోరులో సంఘం గొంతు వినబడకపోతే, పాట మళ్లీ వేదిక మీది వారికే పరిమితమైనట్టు. చర్చి సంగీత చరిత్రలో సంస్కరణలు చాలావరకు ఆ స్థితి మీద తిరుగుబాటుగానే వచ్చాయి. సంఘం చేత పాడించగలిగిన బృందమే మంచి బృందం.